రాట్నం వాళ్ళ యమున తెచ్చిన సున్నా

కోటబొమ్మాళి స్టేషను వెనక వీధిలో ఆ వారమంతా ఒకటే మాట. రాట్నం నారాయణమూర్తి కూతురు యమునకి విశాఖపట్నంలో సున్నా వచ్చిందట, అందుకని యూనివర్సిటీ వాళ్ళు పెట్టేబేడా సర్దించి ఇంటికి పంపేశారట.

ఇందులో సున్నా వచ్చిన మాట నిజం, పంపేసిన మాట అబద్ధం. మిగిలినదంతా కుళాయి దగ్గర బిందె నిండేలోపు పుట్టింది.

మొదలుపెట్టింది తాతమ్మ. పాపం, ఆవిడ తప్పేమీ లేదు. నారాయణమూర్తి ఖాళీస్థలానికి ఎదురుగానే ఆవిడ ఇల్లు. యమున ఫోనులో "అవును సార్, మళ్ళీ సున్నాయే వచ్చింది, ఎన్నిసార్లు చేసినా సున్నాయే" అంటూంటే ఆ మాటలు నడిచి వచ్చి మరీ ఆవిడ చెవిలో పడ్డాయి. విన్నది విన్నట్టే చెప్పింది. కానీ ఆ వీధిలో సున్నా అంటే పరీక్ష కాగితం మీద ఎర్రసిరాతో పడేదే తప్ప మరో రకం సున్నా ఉంటుందని ఎవరికి తెలుసు? రెండో బిందెకి యమున పరీక్ష తప్పింది. మూడో బిందెకి రైలెక్కించేశారు.

ఈ కబురు జగ్గమ్మకి చేరేసరికి వండి, వార్చి, తాలింపు కూడా పెట్టేసి ఉంది. జగ్గమ్మకి ఒళ్ళు మండిపోయింది. వీధిలో తనకి తెలియకుండా కబురు పుట్టడం ఒక తప్పు, తనని అడగకుండా అది ఊరేగడం ఇంకో తప్పు. జగ్గమ్మ చదివింది అయిదో తరగతి. బడి అక్కడ ఆగింది గానీ ఆవిడ ప్రశ్నలు ఆగలేదు. కరెంటు స్తంభం ఎక్కినవాణ్ణి కిందికి దింపి, తీగలో పారేదేమిటో చెప్పి మళ్ళీ ఎక్కమంటుంది. సూది పొడిచిన డాక్టరుని, ఆ మందుకి మోకాలికి దారెవరు చెప్పారని అడుగుతుంది. అలాంటి మనిషి సున్నా దగ్గర ఊరుకుంటుందా?

పైగా ఆవిడ నారాయణమూర్తికి వరసకి అక్క, యమున ఆవిడ కళ్ళముందు పెరిగిన పిల్ల. పుట్టింది ఇంట్లోనే అయినా పెరిగింది రాట్నం కింద. నారాయణమూర్తికి రెండు రాట్నాలు. ఒకటి నిలువుగా లేచి తిరిగే పెద్ద తొట్టెల రాట్నం, రెండోది నేలబారున గుండ్రంగా తిరిగే గుర్రాల రాట్నం. వాటిని వ్యానులో వేసుకుని కళింగపట్నం నుంచి గరివిడి దాకా ఎక్కడ జాతరైతే అక్కడ దిగేవాడు. గౌన్లు తొడుక్కునే రోజుల నుంచీ యమునది ఒకటే పని, సమం చూడడం. తొట్టెల రాట్నంలో లావుపాటాయన ఒక పక్క కూర్చుంటే, అంత బరువున్న కుటుంబాన్ని వెతికి ఎదురు తొట్టెలో కూర్చోబెట్టేది. గుర్రాల రాట్నం నిలబెట్టగానే అడుగున పళ్ళెం పెట్టి నీళ్ళు పోసేది. నీరు ఒక అంచుకి జరిగితే ఆ పక్క కాలి కింద చెక్కముక్క కొట్టాల్సిందే. "ఒక పక్కకి బరువు పడకూడదు, కింద వాలుండకూడదు" అన్నది నారాయణమూర్తి వేదం. కళింగపట్నం ఇసుకలో నిలబెట్టినప్పుడు ఆ పిల్ల అన్నం తింటూ కూడా పళ్ళెం మీంచి చూపు తిప్పేది కాదు.

ఆ అలవాటు ఎంతగా అంటుకుందంటే, బడిలో మాస్టారి బల్ల ఊగితే లేచి వెళ్ళి అట్టముక్క మడిచి కాలికింద దోపి వచ్చేది. పెళ్ళికి వెళితే పీటలు సర్దేది. ఆ పిల్లే శ్రీకాకుళంలో కాలేజీ చదివి, విశాఖపట్నంలో ఫిజిక్సు ఎమ్మెస్సీ చేసి, అక్కడే పరిశోధనలో చేరింది. వెళ్ళేనాడు జగ్గమ్మ అడిగింది.

"ఏటి సదువుతావే?"

"కంటికి కనబడని కణాల గురించి అత్తా."

"కనబడేవే సరిగ్గా సూడలేకపోతన్నాం, కనబడనివాటి మీద పడ్డావా!" అంది గానీ, రైలు కదిలే వరకూ కిటికీ పట్టుకుని అడుగుతూనే ఉంది.

కబురు చెవిన పడిన మర్నాడు పొద్దున్నే జగ్గమ్మ నారాయణమూర్తి ఇంటికి బయల్దేరింది. ముందు వంటింట్లోకి తొంగి చూసింది. యమున తల్లి ఈశ్వరి చేటలో ఉలవలు పోసుకుని రాళ్ళేరుతోంది. మొహం చూస్తే ఉలవలే రాళ్ళేమో అన్నట్టుంది.

"ఏటే మరదలా, నీ కూతుర్ని పంపేశారంట?"

"ఎవులు పంపేశారు వదినా? అదే వచ్చేసింది." ఈశ్వరి చేట పక్కన పెట్టింది. "సోమారం నాడు పెద్ద పెద్ద మాస్టర్లంతా కూకుని, ఇన్నేళ్ళూ ఏటి సేశావో సెప్పమంటారంట. ఇదేమో ఎల్లనంటంది. గరివిడిలో ప్రైవేటు ఇస్కూల్లో ఉజ్జోగం ఉన్నాదంట, సేరిపోతానంటంది."

"సోమారం ఎల్లకపోతే ఏటవుతాది?"

"ఆ సదువు అక్కడితో సరి. మళ్ళీ పిలవరంట." ఈశ్వరి కళ్ళు తుడుచుకుంది. "ఉజ్జోగం సెడ్డదని కాదొదినా. ఇస్టపడి ఎల్తే నానెందుకు కాదంటాను? అది బయపడి ఎల్తంది."

జగ్గమ్మ ఇంకేం అడగలేదు. అంటే ఈశ్వరిని అడగలేదు. పెరటి దారిన ఖాళీస్థలంలోకి నడిచింది.

వచ్చే వారం ఊరి జాతర. నారాయణమూర్తీ, అతని బావమరిది గణపతిరావూ గుర్రాల రాట్నం అప్పుడే నిలబెట్టారు. యమున దూరంగా నీళ్ళపళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, అందులో తన మొహం తానే చూసుకుంటూ కూర్చుంది.

"ఏటే గుంటా, సున్నా ఎవులికొచ్చింది? నీకా, నీ లెక్కకా?"

యమునకి నవ్వొచ్చింది. వారం రోజుల్లో సరైన ప్రశ్న అడిగిన మనిషి ఈవిడొక్కతే.

"లెక్కకే అత్తా. ఒక కణం ఉన్నాది. యాక్సియాన్ లాంటి కణం అంటాం. దాని బరువు కడతన్నాను."

"నువ్వు సూశావా దాన్ని?"

"ఇంతవరకు ఎవులికీ కనబడలేదు. అసలు ఉందో లేదో కూడా తెలీదు."

"మరి కాటా మీద ఎలగ పెడతావే?"

"ఉంటే ఎంత బరువుండాలో ముందు లెక్క కడితే, ఎక్కడ ఎతకాలో తెలుస్తాది. సుక్కల మజ్జిన కంటికి కనబడని బరువేదో సాలా ఉన్నాది, అది ఇదేనేమో అని కొందరి అనుమానం."

"ఓహో. తప్పిపోయిన మేక పిల్లో, పోతో, ఎంతుంటాదో తెలిస్తేనే ఎతకడానికి ఎల్లినట్టు." జగ్గమ్మ తల ఊపింది. "సరే, సున్నా వస్తే సున్నా రాసెయ్. లేనిది తేగలమేటి?"

"రాయలేనత్తా. దానికి బరువు పుట్టించే సంగతి ఒకటి లెక్కలో పెట్టాను. పెట్టాక పుట్టాలి. పుట్టట్లేదు. ఎక్కడో తప్పు సేశాను, ఎక్కడో తెలీదు. తప్పెక్కడుందో తెలీకుండా అంతమంది ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడేది?"

జవాబు దొరకనప్పుడల్లా జగ్గమ్మకి మోకాళ్ళు నొప్పెడతాయి. చుట్టూ చూసి, రాట్నం మీది హంసలో కూర్చోబోయింది. అక్కడ గుర్రాల మధ్య పెద్దవాళ్ళ కోసం ఒక హంస కూడా ఉంటుంది. ఆ హంస మీద జగ్గమ్మకి హక్కుంది. నారాయణమూర్తి కొత్తగా రాట్నం తెచ్చిన ఏడు, విరిగిపడుతుందేమోనని ఎవరూ ఎక్కకపోతే, ఈవిడే ముందుకొచ్చి హంసలో కూర్చుని "తిప్పరా" అంది. ఆనాటి నుంచీ ఏటా తొలి చుట్టు జగ్గమ్మది. ఆవిడ ఎక్కి దిగందే రాట్నం జాతరకి వెళ్ళదు.

"అప్పా, ఆగు! ఇంకా పళ్ళెం పెట్టి సూడలేదు" అని నారాయణమూర్తి అరిచాడు.

"నీ పళ్ళెం తరవాత. నా మోకాళ్ళు ఇప్పుడు" అంటూ కూర్చుంది.

కూర్చోవడమే తడవు, ఎవరూ ముట్టుకోకుండానే రాట్నం మెల్లగా కదిలింది. హంస గుర్రాలన్నిటినీ లాక్కుంటూ వెళ్ళి, కాస్త ముందుకీ కాస్త వెనక్కీ ఊగి, సరిగ్గా తాతమ్మ గుమ్మానికి ఎదురుగా ఆగింది. గుమ్మంలో తాతమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది.

"ఏటి జగ్గమ్మా, నా ఇంటికేసి అలగ సూస్తన్నావు?"

"నాను సూడటం నేదే, ఇదే సూపిస్తంది! ఒరే గణపతీ, తిప్పరా ఇటు!"

గణపతిరావు రాట్నాన్ని అవతలివైపుకి తిప్పి వదిలాడు. హంస ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, మళ్ళీ బయల్దేరింది. తాతమ్మ గుమ్మం దాటిపోయి, వెనక్కి వచ్చి, ఊగి ఊగి అక్కడే నిలిచింది.

"వదినా, కబుర్లు ఎక్కడుంటే అక్కడికే ఎల్తన్నాది నీ హంస!" గణపతిరావు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"నోరు ముయ్యరా, నీ బావ రాట్నానికి బుద్ది నేదు గానీ!"

"బుద్ది కాదప్పా, వాలు" అన్నాడు నారాయణమూర్తి. "ఈ ఏడు కొత్త బేరింగులు ఏయించాను. అందుకే కూసింత వాలుకే జారిపోతంది. ఉండు, చెక్క కొట్టేస్తాను." చెక్కముక్కా సుత్తీ తీసుకుని వంగాడు.

"నాన్నా, కొట్టొద్దు."

నారాయణమూర్తి వంగినవాడు వంగినట్టే తలెత్తాడు. పుట్టి బుద్ధెరిగి కూతురు వాలు సర్దొద్దనడం అదే మొదలు. యమున లేచి నిలబడింది. ఒళ్ళోని పళ్ళెం కిందపడి నీళ్ళన్నీ ఇసుకలో ఇంకిపోయినా చూడలేదు.

"అత్తా, ఓసారి దిగు."

జగ్గమ్మ దిగింది. యమున ఖాళీ రాట్నాన్ని ఇటు ఆపి చూసింది, అటు ఆపి చూసింది. వాలు అలాగే ఉంది. కానీ ఎక్కడ ఆపితే అక్కడే నిలిచింది.

"మళ్ళీ ఎక్కు. నాన్నా, ఇప్పుడు చెక్క కొట్టు."

చెక్క పడింది, రాట్నం సమమైంది. బరువంతా ఒక హంసలోనే ఉన్నా, ఎక్కడ ఆపితే అక్కడే నిలిచింది. తాతమ్మ ఊసే ఎత్తలేదు.

"ఇప్పుడు చెక్క తీసెయ్."

తియ్యగానే హంస తాతమ్మ గుమ్మానికి పోయింది.

"ఒసే, నన్నేటి కందిబస్తా అనుకున్నావేటే, ఎక్కించి దింపి ఎక్కించి దింపి" అంటున్న జగ్గమ్మ, యమున మొహం చూసి ఆగిపోయింది. ఆ పిల్ల హంస పక్కన నేలమీద చతికిలబడి నవ్వుతోంది. నవ్వుతున్నా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఏటయిందే?"

"సున్నా ఎందుకొచ్చిందో తెలిసిందత్తా."

"అయితే నాకు తెలిసేలాగ సెప్పు. తెలీకుండా దిగను."

యమున చీర చెంగుతో మొహం తుడుచుకుని, హంస అంచు పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"నా కణం కూడా ఇలగ గుండ్రంగా తిరిగే రాట్నం లాంటిదే అనుకో. ఎక్కడ ఆపినా అక్కడే ఉండిపోతే దానికి బరువు లేనట్టు. తనంతట తాను ఒక్కసోటుకే వచ్చి ఊగిందనుకో, బరువున్నట్టు. ఎంత జోరుగా ఊగితే అంత బరువు."

"మరి నాను కూకున్నాను గదా, ఊగాలి గదా?"

"అదే నానూ అనుకున్నాను. బరువు పుట్టించే సంగతి అన్నాను సూడు, అది నువ్వు. నిన్ను కూకోబెట్టాను, ఊగట్లేదేటా అని తల బాదుకుంటన్నాను. కింద వాలు ఉండాలి గదా!"

"నీ లెక్కలో వాలేటే?"

"మా సిద్ధాంతంలో ప్రతి కణానికీ ఒక జోడీ ఉంటాది, జోడెడ్లలాగ. రెండూ సరిసమానంగా ఉన్నంతసేపూ కాడి సమంగా ఉంటాది. దాన్నే సూపర్‌సిమెట్రీ అంటారు. కానీ లోకంలో ఆ జోడీ సమంగా లేదు. ఉంటే ఆ రెండో ఎద్దు ఈపాటికి ఎప్పుడో దొరికేది. ఎక్కడో ఒక ఎద్దు ఎత్తు తేడా వచ్చింది, కాడి వాలింది. ఆ వాలు మా లెక్కలో సాలా చిన్నది. చిన్నదే గదా, పక్కన పెడితే లెక్క తేలికవుతాది గదా అని, మొదట్లోనే సర్దేశాను. చెక్క కొట్టేసి కూకున్నాను."

జగ్గమ్మ హంసలోంచే వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"అంటే నా బరువునీ, వాలునీ కూడకూడదు. హెచ్చెయ్యాలి."

"ఆ!"

"వాలు సున్నా అయితే నానెంతున్నా సున్నాయే. నాను లేకపోతే వాలెంతున్నా సున్నాయే. సున్నాతో ఏది హెచ్చేసినా సున్నాయేనని మా మాస్టారు అయిదులోనే సెప్పారు. ఇదేటే, దీనికి ఇంత ఏడ్చావు?"

యమున మళ్ళీ నవ్వింది. "నాకు ఇది పుస్తకంలో తెలీక కాదత్తా. పుస్తకంలో వాలు ఎవరో ముందే గీసి ఉంచుతారు. నా లెక్క నేనే నిలబెట్టుకున్నాను గదా. చిన్నప్పట్నుంచీ వాలు కనబడితే చెక్క కొట్టడమే సేతికొచ్చు. కొట్టినట్టు నాకే తెలీలేదు."

"ఏటీ, తిరిగి తిరిగి తప్పు నా మీదకొచ్చిందా?" అన్నాడు నారాయణమూర్తి సుత్తి భుజానేసుకుని. అతని మీసాల కింద నవ్వు మాత్రం దాగలేదు.

ఆ రోజూ మర్నాడూ యమున గదిలోంచి బయటికి రాలేదు. ఈశ్వరి అన్నం కలిపి గుమ్మంలో పెడితే ఒక్కోసారి కంచం ఖాళీగా, ఒక్కోసారి పెట్టింది పెట్టినట్టే ఉండేది. వాలుని మళ్ళీ లెక్కలోకి తెచ్చేసరికి కణానికి బరువు పుట్టింది. కానీ అనుకున్నంత కాదు. చాలా తేలిక, ఆశపడిన దానికంటే ఎంతో తేలిక. ఫోనులో గైడు సంతోషించాడు, ఆ సంతోషంలోనే చావుకబురు కూడా చల్లగా చెప్పాడు. వాలు తిరిగొచ్చిందంటే నిరుడు కట్టిన లెక్కలు కూడా మళ్ళీ కట్టుకోవాలి, సోమవారం ఆ మాట కమిటీ ముందు యమునే చెప్పాలి. తప్పెక్కడో తెలియని భయం పోయింది. తప్పు తనదేనని నిలబడి చెప్పాల్సిన భయం దాని చోట్లో కూర్చుంది.

ఇక్కడ జగ్గమ్మ తన పని తాను చేసుకుపోతోంది. కుళాయి దగ్గర బిందెలన్నీ పక్కకి జరిపించి, పళ్ళెం బోర్లించి, దానిమీద నిమ్మకాయ పెట్టి, వాలంటే ఏమిటో, బరువంటే ఏమిటో, సున్నా ఎవరికొచ్చిందో వీధికంతటికీ విడమర్చింది. నిమ్మకాయ రెండుసార్లు కాలవలో పడింది. తాతమ్మే దిగి తీసిచ్చి, "అయితే ఆ పిల్లని పంపేయలేదన్నమాట. నోరు జారానే" అని లెంపలేసుకుంది. జగ్గమ్మ తృప్తిగా ఇంటికి వెళ్ళింది. సాయంత్రానికి ఆ కబురు వీధి చివరి నుంచి తిరిగొచ్చింది. జగ్గమ్మ రాట్నం ఎక్కితే ఆవిడ బరువుకి యమునకి డాక్టరేటు వచ్చేసిందట! జగ్గమ్మ దీన్ని మాత్రం సరిచెయ్యాలా వద్దా అని కాసేపు ఆలోచించి, రేపు చూద్దాంలే అనుకుంది.

ఆదివారం పొద్దు వాలుతుండగా యమున జగ్గమ్మ అరుగు మీదికి వచ్చింది. అక్కడి బల్ల ఒకటి ఎప్పటి నుంచో ఊగుతుంది. కూర్చోగానే అలవాటుకొద్దీ అట్టముక్క కోసం చుట్టూ వెతికింది. దొరికింది, మడిచింది. వంగబోయి, మళ్ళీ ఏమనుకుందో చేతిలోనే ఉంచుకుంది. బల్ల ఊగుతూనే ఉంది.

జగ్గమ్మ పనస తొనల గిన్నె ముందుకి తోసింది. ఒక తొన తిననిచ్చింది. రెండోదానికి ఓపిక పట్టలేకపోయింది.

"ఇదుగో, సుట్టూ తిప్పకుండా అడుగుతన్నాను. మీయమ్మ అడగలేక ఊరుకుంది, మీ నాన్న అడగడం రాక ఊరుకున్నాడు. గరివిడి ఎల్తావో, ఇశాపట్నం ఎల్తావో, నీ ఇస్టం. బయపడి మాత్రం ఎటూ ఎల్లకు. రేపు ఆ పెద్ద మాస్టర్ల ముందు నిలబడతావా, నిలబడవా?"

యమున తొన గింజని చేతిలో ఇటూ అటూ దొర్లించింది.

"పొద్దున్న రైలుకే ఎల్తన్నానత్తా. బయం ఉన్నాది, అయినా ఎల్తాను. ముందుగా ఇన్నాళ్ళూ సున్నా ఎందుకొచ్చిందో నానే సెప్పేస్తాను, వాళ్ళు అడక్కముందే. ఖాళీ రాట్నం బొమ్మ గీస్తాను. తరవాత కింద వాలు గీసి, హంస గీసి, అందులో నిన్ను కూకోబెడతాను. నువ్వు ఎవులి గుమ్మానికి ఎదురుగా ఆగావో మాత్రం సెప్పన్లే, తాతమ్మత్త బాదపడతాది."